పాము చెవుల మేస్త్రీ

నేల మీద నేల వెయ్యడమంటే చూసేవాళ్ళకు పరుపు మీద దుప్పటి పరిచినంత తేలిక. పాత టైల్స్ పగలగొట్టక్కర్లేదు, చెత్త మొయ్యక్కర్లేదు, పైన గమ్ము రాసి కొత్తవి అంటించేస్తే సరిపోతుందనుకుంటారు. అలా అనుకునేవాళ్ళలో ఒక్కరు కూడా మోకాళ్ళ మీద కూచుని బతుకు వెళ్ళదీసినవాళ్ళు కారు. పాత టైలు తన కిందున్న సిమెంటుతో ఎప్పుడో తెగతెంపులు చేసుకుని, ఏమీ ఎరగనట్టు పెద్దమనిషిలా కూచుని ఉండవచ్చు. దాని మీద ఎంత ఖరీదైన టైలు అంటించినా ఏదో ఒకనాడు రెండూ కలిసి లేచిపోతాయి. పట్టు విడిచిన అలాంటి టైలును డొల్ల అంటారు. డొల్ల కంటికి కనపడదు. మీద కొట్టి వింటే తెలుస్తుంది, అంతే.

మన మేస్త్రీకి ఆ వినపడడం మానేసి ఏడాది దాటింది. ఆ సంగతి తనకూ, ఒక చెవుల డాక్టరుకూ తప్ప మూడో మనిషికి తెలియదని అతని నమ్మకం.

ఈ పని అతనికి నేర్పింది మేనమామ. ఆ మేనమామ ముక్కోపి, నేర్పడంలో మాత్రం రాక్షసుడు. మేనల్లుణ్ణి కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగి నిలబడమనేవాడు. వెనక తను తాపీ పిడితో నేల మీద కొడుతూ పోయేవాడు. గట్టిదానికి ఊరుకోవాలి, డొల్లకు చెయ్యెత్తాలి. తప్పితే నెత్తిన మొట్టికాయ. మొట్టికాయల పుణ్యమో మరేమిటో, కుర్రవాడు పెరిగి మామనే మించిపోయాడు. పక్క గదిలో ఎవరో చెప్పులు వేసుకుని నడుస్తుంటే ఇవతల నుంచే, కిటికీ దగ్గర ఒకటి లేచిపోతుంది చూసుకోండి అనేవాడు. తోటి పనివాళ్ళు అతనికి పాము చెవులు అని పేరు పెట్టారు. అసలు పేరు కూతురి స్కూలువాళ్ళకు తప్ప ఎవరికీ పట్టకుండా పోయింది. టైలు మీద టైలు వెయ్యాలంటే ఆ చుట్టుపక్కల అందరూ అతన్నే పిలిచేవారు.

భార్య కూడా ఈ పనిలోదే. పెళ్ళికి ముందు ఇంకో మేస్త్రీ దగ్గర సిమెంటు కలిపేది, పెళ్ళయ్యాక ఇతని దగ్గర కలపడం మొదలుపెట్టింది. జీతం పోయి పెత్తనం వచ్చిందని నవ్వేది. పాత నేల చూసేటప్పుడు అతను మోకాళ్ళ మీద ముందుకు జరుగుతూ తాపీ పిడితో ఒక్కో టైలునూ కొట్టేవాడు. ఆమె సుద్దముక్క పట్టుకుని వెనకే వచ్చేది. డొల్ల తగిలినప్పుడు అతను ‘పెట్టు’ అంటే ఆమె దాని మీద ఇంటూ గుర్తు పెట్టేది. అన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ పని దగ్గర మాట్లాడుకున్న మాటలన్నీ పోగేస్తే సగం ఆ ‘పెట్టు’లే ఉంటాయి.

చెవుల్ని తిన్నది టైల్స్ కోసే మిషను. దాని అరుపును అతను ఏళ్ళ తరబడి మొహం దగ్గర పెట్టుకుని భరించాడు. మొదట ఎడమ చెవి మందగించింది. గుబిలి పట్టిందనుకుని నూనె చుక్కలు వేసుకున్నాడు. తర్వాత కుడి చెవిలో గుయ్‌మని ఒక మోత బయలుదేరి, మళ్ళీ పోలేదు. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. లోపలి నరాలు చచ్చిపోయాయి, తిరిగి రావు, చెవికి మిషను పెట్టుకుంటే మాటలు కొంత వినపడతాయి అన్నాడాయన. మేస్త్రీకి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. చెవికి మిషను తగిలించుకున్న పాము చెవుల మేస్త్రీని ఎవరు పనికి పిలుస్తారు? ఇంకో పని అతనికి రాదు. భార్యకు చెబుదామని రెండు మూడుసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేశాడు. ఆమె తిడుతుందని కాదు. రేపటి నుంచి తనతో జబ్బు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతుందని భయం. ఆ భయం ముందు మిగతా భయాలన్నీ దిగదుడుపే.

అందుకని నాటకం నేర్చాడు. ఎదటివాళ్ళ పెదాలు చూసేవాడు. నలుగురి పళ్ళూ బయటపడితే తనూ నవ్వేవాడు. ఏ ప్రశ్న వేసినా ‘చూద్దాంలే’ అనేవాడు, ఎందుకంటే ఆ జవాబు దేనికైనా సరిపోతుంది. దీపం ఆర్పెయ్యనా అంటే చూద్దాంలే, ఒంట్లో బాగుందా అంటే చూద్దాంలే. కూతురు విసుగెత్తి, నాన్న పెద్ద ఆఫీసరైపోయాడని వెక్కిరించేది.

పని దగ్గర మాత్రం నాటకం కుదిరేది కాదు. ఎడమ చేతి వేళ్ళు టైలు మీద ఆనించి, కుడి చేత్తో కొట్టి, అదురు వేళ్ళకు తెలుస్తుందేమో చూసేవాడు. కొన్నిచోట్ల తెలిసేది. చాలాచోట్ల ఏమీ తెలిసేది కాదు. నీళ్ళు పడే చోట, బరువు ఉండే చోట ఊహ మీద ‘పెట్టు’ అనేసేవాడు. విచిత్రం ఏమిటంటే, ఆ ఏడాదిలో వేసిన నేలల్లో ఒక్కదాని మీదా ఫిర్యాదు రాలేదు. అదృష్టం అనుకున్నాడు. అదృష్టం ఎన్నాళ్ళో నిలవదని తెలిసినవాడు గనక, పని చేసే ఇల్లు మారినకొద్దీ భయం పెరిగింది తప్ప తరగలేదు. ఎవరైనా వీధి తలుపు దగ్గర నిలబడితే చాలు, ఫలానా ఇంటి నేల లేచిపోయిందని చెప్పడానికే వచ్చారనుకుని నోట్లో తడి ఆరిపోయేది.

అలాంటి రోజుల్లో టీచరమ్మ కబురు పెట్టింది. రిటైరైన మనిషి. ఆమె భర్తకు ఊపిరితిత్తుల జబ్బు, వంటింటి పక్క గదిలో మంచం మీదే ఉంటాడు. వంటింటి టైల్స్ పాతబడి నెర్రెలిచ్చాయి. దుమ్ము రేగితే ఆయన ప్రాణం మీదకొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు గనక పగలగొట్టే ప్రసక్తే లేదు, పైనే వెయ్యాలి.

టీచరమ్మ ఎదురుగా నిలబడి, పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి మాట్లాడేది. మేస్త్రీకి ఆమె మాటలు దాదాపు అన్నీ అందాయి. వాటిలో ఒకటి అందకపోయినా బాగుండేదని తర్వాత అనుకున్నాడు.

“ఆయనకు ఆవిరి పట్టడానికి పొద్దస్తమానం మరిగే నీళ్ళ గిన్నె పట్టుకుని ఇటునుంచి అటు తిరుగుతుంటాను మేస్త్రీ. నాకా చూపు అంతంతమాత్రం. కాలి కింద ఏదీ కదలకూడదు, అంతే.”

చూద్దాంలే అనబోయి, నాలుక్కరుచుకుని, అలాగేనమ్మా అన్నాడు.  ఇన్నాళ్ళూ తన పేరు పోతుందని భయపడ్డాడు. ఇప్పుడు ఒక ముసలామె, ఆమె చేతుల్లో మరుగుతున్న నీళ్ళు, కాలి కింద లేచిన టైలు కళ్ళ ముందు ఆడడం మొదలుపెట్టాయి.

మర్నాడు పాత నేల చూడ్డానికి దిగారు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి లోపలికి జరిగారు. అతను కొడుతున్నాడు, ఆమె వెనకే సుద్దముక్కతో వస్తోంది. గుమ్మం వైపు రెండుచోట్ల వేళ్ళకు ఏదో తేడా తగిలి ‘పెట్టు’ అన్నాడు. పొయ్యి గట్టు ముందుకు వచ్చేసరికి వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఏమీ తెలియలేదు. గట్టివే అన్నట్టు మొహం పెట్టి ముందుకు జరిగాడు. వెనక్కి తిరిగి చూస్తే, పొయ్యి ముందు తను చెప్పని టైలు మీద ఇంటూ ఉంది. టీచరమ్మ సరిగ్గా ఆ టైలు మీదే నిలబడుతుంది, వంట చేసేటప్పుడు.

అది చూడగానే మనిషికి పై ప్రాణాలు పైనే పోయాయి. తను ‘పెట్టు’ అనకుండానే గుర్తు పడిందంటే, తను అన్నాడో లేదో తనకే తెలియడం లేదా? లేక ఈమె పరీక్ష పెడుతోందా? గుమ్మంలో టీచరమ్మ చూస్తోంది. భయపడ్డ మనిషి చేసే పనే మేస్త్రీ కూడా చేశాడు, గొంతు పెంచాడు.

“నేను చెప్పనిచోట ఎందుకు పెట్టావు?”

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత టీచరమ్మ వైపు చూసి, తల దించుకుని, పొరపాటైంది అంది. మేస్త్రీ తడిగుడ్డతో ఆ గుర్తును శుభ్రంగా తుడిచేశాడు. నేను పెట్టమన్నచోటే పెట్టు, సొంత తెలివి వద్దు అని ఇంకో మాట కూడా విసిరాడు. పని తెలిసిన మనిషినని చూపించుకోవడానికి విసిరిన మాట అది. అక్కడి నుంచి సింకు గోడ దాకా అలాగే సాగింది. అతను ఊహ మీద రెండుచోట్ల ‘పెట్టు’ అన్నాడు, ఆమె పెట్టింది.

గుర్తు పెట్టినవాటిని ఉలితో నెమ్మదిగా లేపి, గుంటలు నింపారు. మిగతా పాత టైల్స్ మీద జిడ్డు పోయేదాకా సోడాతో కడిగారు. దుమ్ము రేగకుండా నీళ్ళు పోస్తూ రాయితో రుద్ది నునుపు చంపారు. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఆమె ఏమీ మాట్లాడలేదు. మాట్లాడిందేమో కూడా అతనికి తెలియదు, చీకటి పడింది, పెదాలు కనపడలేదు.

తెల్లారి వచ్చి సింకు గోడ దగ్గర మొదటి వరస పట్టారు. నేల ఎప్పుడూ లోపలి నుంచి గుమ్మం వైపు వేసుకుంటూ రావాలి, లేకపోతే మేస్త్రీ లోపలే ఉండిపోతాడు. ఆమె గమ్ము కలిపి ఇచ్చింది. అతను పళ్ళ తాపీతో చాళ్ళు లాగి, టైలు ఆనించి, రబ్బరు సుత్తితో తట్టి, మట్టం చూసుకుని రెండోది అందుకున్నాడు. చేతులకు చెవులతో పనిలేదు. కాసేపు భయం మరిచిపోయాడు. మూడు వరసలు పడేసరికి సింకు వైపంతా కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. టీచరమ్మ టీ ఇచ్చి, బాగుందని చేత్తో సైగ చేసి, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

మేస్త్రీ పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

లోపల అతని భార్య పొయ్యి గట్టు ముందు, ఇంకా కొత్తది వెయ్యని చోట గొంతుక్కూచుని ఉంది. వేలి కణుపులతో పాత టైలు మీద కొడుతోంది. ఒకసారి కొట్టి, తల ఒక పక్కకు వాల్చి, ఊపిరి బిగపట్టి వింటోంది. ఆ తల వాల్చడం అతనిదే. అతను పదేళ్ళు, పదిహేనేళ్ళు ఆమె ముందు అలాగే వాల్చాడు. నిన్న తను తుడిచేసిన టైలు మీద ఆమె ఇంకోసారి కొట్టింది. మొహం వాడిపోయింది. అరచెయ్యి దాని మీద పెట్టి అలాగే ఉండిపోయింది.

మేస్త్రీకి అర్థమైంది. ఏడాదిగా ఫిర్యాదు రాకపోవడం అదృష్టం కాదు. వెనకాల సుద్దముక్కతో వచ్చిన మనిషి అతను ఊహ మీద అన్నవే కాకుండా, తన చెవితో విన్నవాటి మీద కూడా చడీ చప్పుడూ లేకుండా గుర్తులు పెడుతూ వచ్చింది. అతను చూసుకోలేదు. నిన్న చూసి, టీచరమ్మ ముందే తుడిచేశాడు.

“డొల్లేనా?” అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. తర్వాత అతని ఎదురుగా వచ్చి, పెదాలు కనపడేలా నిలబడింది. ఆ నిలబడడం చూస్తేనే అతనికి తెలిసిపోయింది, ఆమె చాలాకాలంగా అలాగే నిలబడి మాట్లాడుతోందని.

“డొల్లే.”

“నాకు వినపడ్డంలేదని నీకెప్పట్నుంచి తెలుసు?”

“పాప మెట్ల మీంచి పడిన రోజు నుంచి. ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది. నువ్వు పక్క గదిలోనే కూచుని ఉన్నావు.”

ఆ రోజు అతనికి గుర్తుంది. కూతురి మోకాలికి కట్టు చూసి, ఎప్పుడు తగిలిందే అని అడిగాడు. కూతురు వింతగా చూసింది. మేస్త్రీ భార్యను, ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగాడు. నువ్వు చెప్పలేదుగా అంది ఆమె. అందులో కోపం లేదు, అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు అసలు సంగతి తట్టింది. 

“మరి సింకు వైపు? నిన్న అటు విన్నావా?”

ఆమె తల అడ్డంగా తిప్పింది. “నువ్వు తిట్టాక వినలేదు. వింటే పెట్టకుండా ఉండలేను, పెడితే ఆమె ముందు మళ్ళీ నీ పరువు పోతుంది. మొహం అటు తిప్పుకుని, నువ్వు పెట్టమన్నవి పెట్టాను. మిగతావాటి సంగతి నాకు తెలీదు.”

సింకు వైపు మూడు వరసలు అప్పటికే పడ్డాయి. వాటి కింద ఏముందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. గమ్ము ఆరడం మొదలైంది. ఇంకాసేపట్లో అది రాయి అవుతుంది, ఆ తర్వాత తియ్యాలంటే సుత్తితో పగలగొట్టాల్సిందే, పక్క గదిలోకి దుమ్ము పోవాల్సిందే. తీస్తే ఇప్పుడే తియ్యాలి. తీస్తుంటే టీచరమ్మ ఎందుకని అడక్కుండా ఉండదు. చెప్పాలి. చెబితే ఇవాళ ఈ ఇంట్లో, రేపు వీధిలో, ఎల్లుండి పనివాళ్ళందరి నోళ్ళలో.

ఊరుకుంటే ఏమవుతుందన్న ఆలోచన కూడా వచ్చింది, రాలేదంటే అబద్ధం. ఏమీ కాకపోవచ్చు. అన్నీ గట్టివే కావచ్చు. ఒకటి లేచినా ఏడాదో రెండేళ్ళో పడుతుంది, అప్పటికి ఎవరు ఎక్కడో. భార్య అతని మొహం చూస్తూ నిలబడింది. 

అంతలో టీచరమ్మ వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి. రెండు చేతులా పాత గుడ్డ చుట్టుకుని గిన్నె దింపింది. ఆవిరికి కళ్ళు చికిలిస్తూ, పాదంతో నేలను తడుముకుంటూ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ పాదం, మేస్త్రీ నిన్న తుడిచేసిన టైలు మీద పడింది. ఏమీ కాలేదు. టైలు కదల్లేదు, నీళ్ళు తొణకలేదు, ఆమె పక్క గదిలోకి వెళ్ళిపోయింది. మేస్త్రీ మాత్రం గోడ పట్టుకున్నాడు. అంత భయం అతను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పడలేదు.

తాపీ అందుకుని సింకు దగ్గరకు వెళ్ళి, మొదటి టైలు అంచు కింద దూర్చి లేపాడు. అది బుచబుచమని గమ్ముతో సహా లేచింది. రెండోది లేపాడు. భార్య వచ్చి పక్కన కూచుని లేచినవాటిని తుడిచి గోడకు ఆనించసాగింది. రెండో వరసలో ఉండగా టీచరమ్మ ఖాళీ గిన్నెతో వచ్చి నిలబడింది. ఏమైందని అడిగిందని ఆమె మొహమే చెప్పింది.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. చేతులు గమ్ముతో నిండి ఉన్నాయి, ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. “నాకు చెవులు వినపడవమ్మా. కింద డొల్ల ఉందో లేదో నిన్న నాకు తెలీలేదు. తెలిసినట్టు కొట్టాను. మా ఆవిడకి తెలిసింది, పెడితే నేను తుడిచేశాను. అందుకని తీసేస్తున్నాను.”

టీచరమ్మ ఖాళీ గిన్నెను గట్టు మీద పెట్టింది. తర్వాత పక్క గది వైపు తిరిగి, భర్త మంచం చూస్తూ ఏదో అంది. ఒకటి కాదు, రెండు మూడు మాటలు. మొహం అటు ఉంది గనక మేస్త్రీకి ఒక్కటీ అందలేదు. తల ఊపి ఊరుకోవచ్చు. ఏడాదిగా చేసిన పనే అది.

“వినపడలేదమ్మా,” అన్నాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. భార్య వైపు తిరిగాడు. “ఏమన్నారు?”

“అన్నీ తీసి మళ్ళీ చూడమన్నారు,” అంది భార్య. “పని పూర్తి చెయ్యమన్నారు.”

“ఇంకేదో కూడా అన్నారు.”

ఆమె చేతిలోని గుడ్డను మడత పెట్టింది, విప్పింది. “ఏం లేదు.”

“అదీ చెప్పు. నువ్వు దాస్తే నాకు ఇంకెవరు చెబుతారు?”

ఆమె అతనికి ఎదురుగా జరిగింది. నెమ్మదిగా, ఒక్క మాటా మార్చకుండా చెప్పింది. “ఇద్దరూ కలిసి వస్తేనే ఈ ఇంటి తలుపు తీస్తానన్నారు. నువ్వొక్కడివే వస్తే తియ్యనన్నారు.”

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. గుమ్మం దాటి వెళ్ళిపోదామని ఒక్క క్షణం అనిపించింది. అయినా ఆమె మాట తగ్గించి చెప్పలేదు, జబ్బు మనిషికి చెప్పినట్టు చెప్పలేదు. ఉన్నదున్నట్టు అతని మొహాన చెప్పింది.

“నిజమేగా,” అన్నాడు.

మూడో వరస కూడా తీసేశాక పాత టైల్స్ గమ్ము మరకలతో బయటపడ్డాయి. ఆమె గోడ వారగా మోకాళ్ళ మీద కూచుని, చెవి నేలకు దగ్గరగా వంచింది. అతను తాపీని తిప్పి పట్టుకుని ఆమె ఎదురుగా కూచున్నాడు.

“కొట్టు,” అంది.